బడి కబురు గడప దాటకుండా

తమ్ముడూ,

నువ్వు హెడ్మాస్టరువై సముద్రం ఒడ్డు పాళెం బడికి పోతున్నావని తెలిసింది. సంతోషం. పాఠం చెప్పడం నీకు వచ్చు, దాని జోలికి నేను రాను. నేను చెప్పబోయేది అంతకన్నా కష్టమైన పని. బడిలో జరిగినవీ జరగబోయేవీ ఊరికి చెప్పినట్టే ఉండాలి, ఊరికి మాత్రం తెలియకూడదు. సర్వీసంతా ఈ ఒక్క విద్యలోనే ఆరితేరినవాణ్ని కాబట్టి కాస్త నా మాట విను.

ముఖం అట్లా పెట్టకు. నోటీసు పంపడం మన డ్యూటీ, చేరడం దాని అదృష్టం. తనిఖీకి వచ్చే ఎంఈవో అడిగేది పంపిన తేదీ. ఎవరికి చేరిందో రాసుకునే గడి ఏ రిజిస్టరులోనూ లేదు.

వేళ చూసుకో

మన నెల్లూరు తీరంలో మైపాడు నుంచి ఇసకపల్లి దాకా ఏ పాళెమైనా తీసుకో. తెల్లారుజామున చీకటితోనే ఫైబరు బోట్లు ఇంజన్లు వేసుకుని లోపలికి పోతాయి. పొద్దెక్కినాక ఒడ్డుకొస్తాయి. వలలోంచి చేప తీయాలి, పాట పెట్టాలి, ఐసు కొట్టాలి, చిరిగిన వల కట్టుకోవాలి. ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఆటోల్లో నెల్లూరుకో కావలికో పోతారు. ఇంకొందరు అంతకుముందే రొయ్యల కంపెనీ బస్సెక్కి తల తీసే పనికి, పొట్టు వలిచే పనికి పోయుంటారు. అంటే ఉదయం పది గంటలకు పాళెంలో మిగిలేది కళ్ళు కనపడని ముసలోళ్ళు, చంటిబిడ్డలు, ఎండు చేపలకు కాపలా ఉన్న కుక్కలు. తల్లిదండ్రుల సమావేశానికి ఇంతకు మించిన ముహూర్తం పంచాంగంలో దొరకదు. పదికి పెట్టు. పదిన్నరకు “హాజరు అంతంతమాత్రం, తల్లిదండ్రులలో విద్యపట్ల ఆసక్తి లోపించింది” అని మినిట్సులో రాసుకో. ఈ వాక్యం జిల్లాలో ఏ బడి మినిట్సు తిరగేసినా కనిపిస్తుంది, కొత్తగా కట్టే శ్రమ కూడా లేదు.

ఎవరైనా కుర్ర టీచరు సాయంత్రం ఏడింటికి పెడదాం సార్, అందరూ ఇళ్ళకాడ ఉంటారు అంటుంది. మంచి పిల్లే, నిరుత్సాహపరచకు. కరెంటు పోతుందని, పాములు తిరుగుతాయని చెప్పు. టౌనుకు పోయే ఆఖరు బస్సు సంగతి మాత్రం ఎత్తకు, అది మన మధ్యన ఉండాలి.

ఏడాది లెక్కలో ప్రకృతి కూడా మనకు తోడుగా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలు పాళెంలో మొగోళ్ళంతా ఇళ్ళకాడే. వలలు బాగు చేసుకుంటూ, వేట నిషేధ భృతి ఎప్పుడు పడుతుందా అని చూసుకుంటూ, ఎవరైనా పిలిస్తే పోదామన్నట్టు కూర్చోనుంటారు. ఇప్పుడు మన సెలవులు చూడు. 2025లో ఏప్రిల్ 24న మూసి జూన్ 12న తెరిచాం. తండ్రులు తీరిగ్గా ఉన్నన్నాళ్ళూ బడికి తాళం, తాళం తీసిన వారంలోనే తండ్రులు మళ్ళీ నీళ్ళ మీద. దీన్ని ఎవరూ కుట్రపన్ని చేయలేదు. మన ఎండలకూ చేపల కాన్పులకూ కుదిరిన లగ్నం ఇది, చెడగొట్టకు.

రెండు చివర్లలో మిగిలే కొన్ని రోజులే ప్రమాదం. ఏప్రిల్‌లో ఎవరైనా తండ్రి తొంగిచూస్తే పరీక్షలు జరుగుతున్నాయని చెప్పు. జూన్‌లో వస్తే పిల్లలకిచ్చే కిట్లు లెక్కపెడుతున్నామని చెప్పు. రెండూ నిజమే కావడం మన పుణ్యం.

ఫోనులో పెట్టు, మైకులో వద్దు

వాట్సాప్ గ్రూపు కట్టు. తల్లుల నంబర్లు అడిగితే తండ్రుల నంబర్లు ఇస్తారు, ఎందుకంటే ఇంట్లో ఉన్న మంచి ఫోను ఒకటే, అది ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని బోటులో సముద్రానికి పోయుంటుంది. కొంత దూరం పోయినాక సిగ్నలు ఉండదు. నువ్వు తొమ్మిదింటికి పెట్టిన “ఈరోజు పదింటికి సమావేశం” అన్న కబురు మధ్యాహ్నం బోటు ఒడ్డుకు దగ్గరైనాక టింగుమంటుంది. అందరూ తెరిచి చూసినాక రెండు నీలం టిక్కులూ పడతాయి. సాక్ష్యం కావాలంటే అదే.

టైపు చేసే శ్రమ తీసుకోవద్దు. పైఆఫీసు నుంచి వచ్చిన పదహారు పేజీల పీడీఎఫ్‌ను ఉన్నదున్నట్టు తోసెయ్. దాని మీద గులాబీపువ్వు శుభోదయాలు నాలుగు, వేంకటేశ్వరస్వామి పటాలు రెండు పడేసరికి అసలు సంగతి ఎక్కడుందో వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

గంగమ్మ గుడి మైకు జోలికి మాత్రం పోవద్దు. ఆ మైకులో సాయంత్రం ఒక్క మాట చెబితే గుడిసె గుడిసెకూ వినపడుతుంది. అంతకన్నా భయపడాల్సింది కాపులకు. పాళెం పెద్దల్ని అట్లా పిలుస్తారు. ఫలానా రోజు ఎవురూ ఏటకు పోగూడదని వాళ్ళు దురాయి వేస్తే ఒక్క బోటు కదలదు. దురాయిలో చెడ్డ లేకపోలేదు, దానికి ఎదురు తిరిగి వెలి అనుభవించిన కుటుంబాలున్నాయి. అయినా కబురు చేరవేసే సత్తువలో దానికి సాటి వచ్చే సర్క్యులర్ నేను చూడలేదు. “బడి కాడ మీటింగుంది, ఇంటికొకరు రావాల” అని ఆ పెద్దల నోటివెంట వచ్చిందా, నీ బడి ఆవరణ చాలదు, కుర్చీలు బాడుగకు తేవాలి. కాబట్టి వాళ్ళను జెండా పండగనాడు మాత్రం పిలువు, శాలువా కప్పి, సోడా ఇచ్చి పంపు.

బకింగ్‌హామ్ కాలువ కట్ట మీద యానాదుల కాలనీ ఉంటుంది. ఆ పిల్లల పేర్లు నీ హాజరుపట్టీలో ఉంటాయి, పిల్లలు కొందరు రొయ్యల గుంటల కాడ అమ్మానాయనలతో ఉంటారు. పట్టుబడి ఎక్కడ జరిగితే అక్కడ. వాళ్ళకు వాట్సాప్ లేదు, గుడి మైకు కాలువ దాటదు. మనిషిని పంపాల్సిందే, ఆధార్ పని ఉంటే వెంట ఉండి చేయించాల్సిందే. అందుకే “సమాచారం అందించడమైనది, స్పందన లేదు” అని ఒక ముద్ర చేయించి పెట్టుకో. ఏటా పనికొస్తుంది.

రాసే తీరు

ఎవరైనా కాగితం మీద నోటీసు కావాలంటే ఇట్లా రాయి:

“విషయము: ప్రాథమిక విద్య – పాఠశాల యాజమాన్య కమిటీ – సాధారణ సమావేశము – ఎఫ్‌ఎల్‌ఎన్ ప్రగతి సమీక్ష – హెచ్‌పీసీల పంపిణీ – తల్లిదండ్రుల విధిగా హాజరు – ఆదేశములు జారీ – గురించి.”

దీన్ని పట్టుకుని ఒక తల్లి పక్కింటి ఇంటర్ పిల్ల దగ్గరికి పోతుంది. ఆ పిల్ల రెండుసార్లు చదివి, “ఏందో ఆఫీసోళ్ళది పిన్నీ, మనకు కాదులే” అంటుంది. పని అయిపోయింది. పొరపాటున కూడా “రేపు సాయంత్రం రండి. మీ పిల్ల పుస్తకం చదువుతుందో లేదో మీ ముందరే చదివించి చూపిస్తాం” అని రాయకు. అట్లా రాస్తే వస్తారు.

కమిటీ

విద్యాహక్కు చట్టం 2009 దగ్గర కాస్త జాగ్రత్త. యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్ళు ఉండాలని అందులో రాసేశారు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, ప్రభుత్వం ఇచ్చిన డబ్బు ఎట్లా ఖర్చవుతోందో చూడడం వాళ్ళ పనేనట. చదివితే గుండె జారుతుంది. చదవకపోతే ఏమీ కాదు, అందుకే ఎవరికీ చదివి వినిపించకు. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. చైర్మన్‌గా ఆడమనిషి వస్తే మరీ మంచిది. మీటింగుకు ఆమె మొగుడొస్తాడు, టీ తాగుతాడు, తీర్మానం పుస్తకం ఆమె చేపలు అమ్ముకుని వచ్చినాక ఇంటికే పంపించి సంతకం పెట్టించుకోవచ్చు. ఏం సంతకమని అడిగితే “మామూలుదేనమ్మా” అను. ఈ మాటకు ఎదురు ప్రశ్న రావడం అరుదు.

పండగ కబుర్లు, అసలు కబుర్లు

ఇంతవరకూ చెప్పింది అక్షరాభ్యాసం. అసలు మర్మం ఇది. కబుర్లు రెండు రకాలు. ఫోటోకు పనికొచ్చేవి, పనికిరానివి. మొదటివాటిని నెత్తిన పెట్టుకుని ఊరేగించు. రెండోవాటి ఊసెత్తకు.

2024 డిసెంబరు 7న రాష్ట్రంలో సర్కారు బడులన్నిట్లో ఒకే రోజు మెగా తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాగుడు, పిల్లలతో కలిసి భోజనం. 2025 జూలై 10న మళ్ళీ పెట్టారు, ఈసారి మొక్కలు నాటడం కూడా కలిసింది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు కాస్త భయమేసింది. కూలి మానుకుని వచ్చినోళ్ళున్నారు. మనవరాలి పక్కన బల్ల మీద కూర్చుని సాంబారన్నం, గుడ్డు తిన్న తాతలున్నారు. ప్రోగ్రెస్ కార్డు నేరుగా తల్లి చేతికే ఇవ్వమన్నారు. ఇట్లా ఇస్తూపోతే ఏమవుతుందో ఆలోచించు.

అయితే మందు కూడా అందులోనే ఉంది. కార్డు ఇచ్చేటప్పుడు తల్లి చూపు కార్డు మీద కాకుండా ఫోను మీద ఉండేట్టు చూడు. “అమ్మా, ఇటు చూడండి, నవ్వండి, కార్డు కాస్త పైకి పట్టుకోండి.” ఫోటో పడగానే తరువాతి తల్లి. ఆమె కార్డు తెరిచేలోపల మైకులో ముగ్గుల బహుమతులు మొదలుకావాలి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే దిగులుపడకు, ఆలస్యం మన చుట్టం. ఎండలో నిలబెట్టిన పిల్లల డాన్సు, ఆపైన వరసగా ప్రసంగాలు, అప్పటికి చేప చెడిపోతుందని తల్లులు లేచిపోతారు. ఎవరైనా తండ్రి పట్టుబట్టి “మావోడు ఎట్ట చదువుతుండాడు సార్” అని అడిగితే, “చురుకైనోడే, కాకపోతే అల్లరి” అను. ఇది ఐదో తరగతి దాకా ఏ పిల్లవాడికైనా అతుకుతుంది, తండ్రి నవ్వుకుంటూ పోతాడు. వాడికి రెండంకెల తీసివేత రాదని చెబితే ఏం జరిగేదో మనకు తెలియదు, తెలుసుకోవాల్సిన అగత్యమూ లేదు.

ఫ్లెక్సీ మాత్రం పెద్దది వేయించు. నాయకుల బొమ్మలు పైన, అధికారులవి పక్కన, పిల్లలవి స్థలం మిగిలితే.

ఇక పనికిరాని కబుర్లు. 2022లో 117 నంబరు జీవో వచ్చి చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గర్లోని హైస్కూళ్ళకు కలిపేశారు. 2025లో అది పోయి బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ అని కొత్త పేర్లు వచ్చాయి. నీ బడిలో ఏ తరగతి ఉంటుందో, ఏది పక్క ఊరికి పోతుందో, ఎనిమిదేళ్ళ పిల్ల కాలువ వంతెన దాటి ఎట్లా నడుస్తుందో తల్లిదండ్రులకు నిజంగా కావాల్సిన కబురు ఇదే. దీనికి ఫ్లెక్సీ వేయకు, ముగ్గులు వేయించకు. సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు గేటు దగ్గర నోటిమాటగా చెప్పు. ఉన్న ఇద్దరు టీచర్లలో ఒకరిని డిప్యుటేషన్ మీద వేరే బడికి పంపినా అంతే. అడిగినప్పుడు “ట్రైనింగుకు పోయారు” అను, అదెంతకాలమో అడగరు.

ఏ ప్రయత్నమూ లేకుండా నూటికి నూరుమందికి చేరే కబురు ఒకటుంది. బడికొచ్చే పిల్లల తల్లులకు సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బు. 2025 జూన్‌లో బిడ్డకు 13,000 చొప్పున ఖాతాలో పడ్డాయని బ్యాంకు మెసేజి రాకముందే పాళెమంతా తెలుసు, మిగతా 2,000 బడి నిర్వహణకు పట్టుకున్నారనీ తెలుసు. కాబట్టి వాళ్ళకు కబురు అందుకునే శక్తి లేదని అనుకోవద్దు. అందుకే కదా ఇంత జాగ్రత్త చెబుతున్నది.

తుపాను

తుపాను సెలవు నువ్వు ప్రకటించాల్సిన పనిలేదు. కలెక్టరు ఆదేశం రాత్రి వస్తుంది. అంతకుముందే కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని పాళెం పిల్లలు నీకు చెబుతారు. ఆ నంబర్లకు అర్థమేమిటో ఐదో తరగతి పిల్లవాడు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. దాన్ని సామాన్య జ్ఞానం పరీక్షలో అడగకు, వాడికి మార్కులొస్తాయి.

అయితే తుపాను మనకు తెచ్చే తంటా ఒకటుంది. పక్కా శ్లాబు ఉన్నది బడికే కాబట్టి పునరావాసం అక్కడే. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మన తీరాన్ని ఊపేసింది, గుర్తుందిగా. అట్లాంటి రాత్రుల్లో తల్లీ తండ్రీ అవ్వా తాతా అంతా తరగతి గదుల్లోనే. పూర్తి కోరంతో జరిగే తల్లిదండ్రుల సమావేశం మన జిల్లా తీరంలో అదొక్కటే. నిద్ర పట్టక గోడల మీద పటాలు చూస్తారు, బిడ్డలు ఏ బల్ల మీద కూర్చుంటారో అడుగుతారు, ఏ సీలింగు పెచ్చు ఊడబోతోందో కనిపెడతారు. కాబట్టి రెడ్ అలర్ట్ అనగానే ముందు చేయాల్సిన పని, జవాబు పత్రాలు బీరువాలో పెట్టి తాళం వేయడం. బియ్యం, కొవ్వొత్తులు రెవెన్యూవాళ్ళు చూసుకుంటారు.

రాబోయే కార్యక్రమాలు

పట్టిక ఒకసారి రాసి ఏటా తేదీ మార్చుకో. సెప్టెంబరు 5 గురుపూజోత్సవం. సర్వేపల్లి అనే ఊరు మన జిల్లాలోనే, వెంకటాచలం మండలంలో ఉందని, రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు ఆ ఊరిదేనని చెప్పబోకు. చెబితే చూపించమంటారు, ఆటో బాడుగ ఎవరిస్తారు? డిసెంబరు 15 పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ దినం. జిల్లా పేరే ఆయనది కాబట్టి దండ తప్పదు. 1952లో 58 రోజులు అన్నం మానేసి ఏం అడిగారో చెప్పేలోపల గంట కొట్టించు.

నో బ్యాగ్ డే శనివారాల్లో సముద్రం గురించి ఏదైనా చేయమని కాగితం వస్తుంది. అప్పుడు టౌనులో చార్టు కొని గోడకు అతికించు, తిమింగలం బొమ్మ ఉన్నది. వంజరం, చందువ, కానాగంతలు తేడా పట్టగలిగిన పిల్లలు ముందు వరసలో కూర్చోనుంటారు, వాళ్ళకు తిమింగలం ఇంగ్లీషు స్పెల్లింగు నేర్పు. వేటకు పోయే తాతను పిలిచి గాలిమార్పు ఎట్లా పసిగడతారో చెప్పించాలని కుర్ర టీచరు మళ్ళీ అంటుంది. జనవరి నుంచి ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళను పిల్లలకు చూపిద్దామంటుంది. అనుమతి కోసం పైకి రాద్దామని చెప్పు. తాబేలు సముద్రానికి తిరిగి పోతుంది, అనుమతి రాదు.

దూబగుంట మరవొద్దు

ఇంతగా ఎందుకు చెబుతున్నానో నీకింకా అర్థం కాలేదేమో. మన జిల్లాలో కబురు గడప దాటితే ఏమవుతుందో ఒకసారి చూశాం. 1991 ప్రాంతంలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రిపూట, పనులైనాక, లాంతరు ముందర, ఆడవాళ్ళకు తీరికైన వేళకే బడి పెట్టారు. చూడు, వేళ దగ్గరే తప్పు చేశారు. పాఠాలు కూడా వాళ్ళకు తెలిసిన బతుకు గురించే రాశారు. తాగొచ్చే మొగుడు, పస్తున్న బిడ్డలు. అదీ తప్పే. చదివినోళ్ళు చదివి ఊరుకోలేదు. దూబగుంటలో ఆడవాళ్ళు సారా ఊళ్ళోకి రాకుండా అడ్డం నిలబడ్డారు. వాళ్ళ ముందు నడిచిన రోశమ్మ పేరు నీకూ తెలుసు. పైగా ఆ సంగతి కూడా తరువాతి వాచకంలో “ఆడవాళ్ళు ఏకమైతే” అని పాఠంగా వేశారు, అది చదివి మిగతా ఊళ్ళు లేచాయి. సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా బంద్. 1995లో పూర్తి మద్యనిషేధమే వచ్చింది, అది నిలవలేదు, అది వేరే కథ.

ఒక జిల్లాలో ఒక వాచకం, సరైన వేళకు, అర్థమయ్యే మాటల్లో చేరితే సర్కారు ఖజానా కదిలింది. ఇక “మీ పాప మూడో తరగతికొచ్చినా ఒకటో తరగతి వాచకం చదవలేకపోతోంది, దానికి మనం ఏం చేద్దాం” అన్న కబురు చేరితే నీ ఒక్క బడి గతేమిటి?

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి ఒక అవ్వ తగులుతుంది. నాకు తగిలింది. గంప దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, తిన్నగా తరగతిలోకే వచ్చింది. అక్షరం ముక్క రాదు. మనవడి నోటుపుస్తకం, పక్క పిల్లది, రెండూ పక్కపక్కన తెరిచి పెట్టింది. “ఏంది సారూ, ఆ పిల్ల పుస్తకం సగం దాకా నల్లగా ఉండాది, మావోడిది నాలుగు కాయితాల కాడనే ఆగిపోయిండాది?” చురుకైనోడే, కాకపోతే అల్లరి, అన్నాను. “అల్లరి నాకు తెలుసు, ఇంటికాడ నేనే గదా చూసేది. నువ్వు కాయితాల సంగతి జెప్పు” అంది. వాట్సాప్‌లో పెట్టాం కదమ్మా అన్నాను. వాట్సాప్ అంటే ఏంటని అడగలేదు, పుస్తకం మూయనూలేదు. తరువాతి సోమవారం ఇంకో నలుగురు పిల్లల పుస్తకాలు చంకన పెట్టుకుని, ఆ తల్లుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. వేట లేని రోజు చూసుకుని మరీ.

దీనికి నా దగ్గర మందు లేదు. బదిలీలు తెరిచినప్పుడు వెబ్ ఆప్షన్లలో అట్లాంటి ఊరిని అట్టడుక్కు తొయ్. అది కుదిరేదాకా ఆమె గంప గేటు దగ్గర కనపడగానే ఎంఈవో ఆఫీసులో పనుందని చెప్పి వెనక గోడ వైపు నుంచి పో. గోడ ఎత్తు ముందే చూసి పెట్టుకో.